ఎక్కడ కూర్చుని గీశావు

పోయిన నెలలో నరసరావుపేటలో ఒక పాత ఇంటి మీద ఇంకో అంతస్తు వేయాలంటే కొలతలు తీయడానికి వెళ్ళాను. నడిమి గది గోడ పద్నాలుగు అడుగుల రెండంగుళాలు. టేపు అవతలి కొస పట్టుకున్న ఇంటావిడ "అక్కడ ఫ్రేముంది, తగిలిద్ది, చూసుకోండి" అంది. చూశాను. చిన్న చెక్క ఫ్రేములో పెన్సిలుతో గీసిన దోసకాయ. తొడిమ దగ్గర కాస్త కుళ్ళిన కాయ. ఆ కుళ్ళుతో సహా గీశారు. కింద, పేరు రాసుకునే చోట, పిల్లల చేతిరాతలో "తలుపు దగ్గర, చాప మీద" అని ఉంది.

"ఇది మీరు గీసిందేనా?" అని అడిగాను.

"ఆరో తరగతిలో. మా బొమ్మల ఆపా అట్టా రాయించేది. పేరొద్దు, ఎక్కడ కూర్చుని గీశావో రాయి అనేది. మీకు తెలుసా ఆమె?"

"నేనూ ఆమె దగ్గరే నేర్చుకున్నానమ్మా."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "మీరా? ఎప్పుడు?"

"నలభై ఆరో ఏట."

ఆవిడ నవ్వి టేపు వదిలేసింది. గోడ మళ్ళీ కొలవాల్సి వచ్చింది. ఆపా పోయి రెండేళ్ళయింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు గనక దాన్ని గురించి మాట్లాడుకోలేదు. దోసకాయ గురించి మాట్లాడుకున్నాం. కుళ్ళిన ముక్క ఎటూ కోసి పారేస్తారు గదా అని ఆవిడ మొదట గీయలేదట. "కోసిన తర్వాత కోసినట్టు గీద్దువుగాని. ఇప్పుడు ఉందా లేదా?" అందట ఆపా.

ఆ మాట వినగానే నాకు ఆ గొంతు వినిపించింది. కోపం ఉండదు, బుజ్జగింపూ ఉండదు. కూరగాయల బండి దగ్గర తూకం అడిగినట్టు అడిగేది.

ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు వాళ్ళ బజార్లో లేరు. ముస్లింల ఇళ్ళల్లో అక్కని ఆపా అంటారు. నేర్చుకునే పిల్లలు అలా పిలిచారు, వాళ్ళ అమ్మలు అలా పిలిచారు, పాలు పోసే ముసలాయన కూడా ఆపా అనే పిలిచేవాడు. ఇంటి ముందు భాగం రెండు ముక్కలు. కుడివైపు రేకుల షెడ్డులో ఆమె భర్త కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఆయన్ని అందరం భాయ్ అనేవాళ్ళం. ఎడమవైపు వరండాలో ఆపా బొమ్మలు నేర్పేది. వరండా పన్నెండడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. పదిమంది కూర్చుంటే పదకొండో మనిషి గడప మీద కూర్చోవాలి. ఒకవైపు నుంచి వార్నిష్ వాసన, ఇంకోవైపు నుంచి పోపు వాసన. పెళ్ళయిన కొత్తలో చీరల మీద కుట్టుపనికి డిజైన్లు గీసి ఇచ్చేదట. ఆ పని చూసి పక్కింటావిడ తన కూతుర్ని తెచ్చి కూర్చోబెడితే, అక్కణ్ణుంచి ఈ బడి మొదలైంది.

బొమ్మ గీయడానికి ఎదురుగా పెట్టేవన్నీ ఆ పూట కూరలోకి పోయేవే. వంకాయలు గీస్తున్నామంటే ఆ మధ్యాహ్నం వాళ్ళింట్లో వంకాయ కూర. క్లాసు ఆదివారం పొద్దున తొమ్మిదింటికి. పదకొండున్నరకి పొయ్యి వెలిగించాలి. "ఇంకో అరగంటరా. తర్వాత ఈ సొరకాయ సంగతి దాల్చా చూసుకుంటది" అనేది. పిల్లలు పరీక్షల్లో కూడా అంత వేగంగా రాసి ఉండరు. ఒకసారి ఒక బుడ్డోడు "ఆపా, కోడిని పెట్టు, గీస్తాం" అని అడిగాడు. పెరట్లో రెండు కోళ్ళు ఉండేవి. ఆపా ఒప్పుకోలేదు. "బొమ్మ గీయాలంటే దాన్ని బాగా చూడాల. బాగా చూసినాక కొయ్యబుద్ది కాదు. ఆదివారం పూట మా ఆయన్ని పస్తు పెట్టమంటావా?"

షెడ్డులోంచి భాయ్ "అట్టా చెప్పు" అన్నాడు.

భాయ్ మా అందరికీ రెండో మాస్టారు. ఎవరూ పెట్టుకోలేదు, ఆయనే వచ్చాడు. మధ్యలో టీ తాగడానికి వరండాలోకి వచ్చి, చేతులకున్న నల్లటి జిడ్డు బొమ్మలకు అంటకుండా వెనక్కి పెట్టుకుని, ఒక్కొక్క కాగితం మీదకి వంగి చూసేవాడు. ఒక పిల్ల టేబుల్ ఫ్యాను గీసింది. చానాసేపు చూసి, "ఈ రెక్కలు తిప్పితే గాలి ఎనక్కి పోద్దమ్మా" అన్నాడు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

"బొమ్మకి నువ్వేమన్నా కరెంటిస్తావా? పోయి నీ మోటారు చూసుకో" అంది ఆపా.

"నేనేమన్నానే? గాలి సంగతి చెప్పా, అంతే."

ఆయన వెళ్ళాక ఆపా ఆ కాగితం తీసుకుని ఫ్యాను వంక చూసి, పిల్లతో మెల్లగా "రెక్కల వాలు తప్పింది, దిద్దుకో. ఆయనకి చెప్పమాక" అంది.

ఇంతకన్నా ముఖ్యమైన అలవాటు ఇంకొకటి ఉంది. ఆమె ఎవరి బొమ్మనీ నిలబడి దిద్దేది కాదు. "లే" అనేది. పిల్ల లేచేది. ఆపా బిస్మిల్లా అనుకుంటూ, మోకాళ్ళు పట్టుకుని, సరిగ్గా ఆ పిల్ల కూర్చున్న చోటే కూర్చునేది. ఏడేళ్ళ పిల్లయితే తల ఏడేళ్ళ ఎత్తుకు వంచేది. అలా ఒక నిమిషం చూసి అప్పుడు చెప్పేది. "ఇక్కణ్ణుంచి చెంబు లోపలి నీళ్ళు కనపడవే. ఎందుకు గీశావు?" పదిమంది ఉంటే పదిసార్లు కూర్చుని పదిసార్లు లేవాలి. అరవై దాటిన మనిషి. "నిలబడి చెప్పొచ్చుగా ఆపా" అని ఒకసారి నేనే అన్నాను. "నిలబడితే నాకు కనపడేది నేను చెప్తా. వాడికి పనికిరాదు" అంది.

నేను అక్కడికి ఎందుకు చేరానో చెప్పాలి.

నేను ఒక మేస్త్రి దగ్గర ఇళ్ళ లెక్కలు చూసేవాణ్ణి. ఇంటికి ఎన్ని ఇటుకలు, ఎన్ని సిమెంటు బస్తాలు, ఎన్ని ట్రాక్టర్ల ఇసుక పడతాయో ముందే తేల్చడం, ప్లాను గీయడం నా పని. చదివింది పదో తరగతి. ఈ లెక్క నాకు ఎవరూ నేర్పలేదు. గోడ లేచాక మిగిలిన ఇటుకలు లెక్కపెట్టి, ఎందుకు మిగిలాయో ఇంటికెళ్ళి ఆలోచించి నేర్చుకున్నాను. అప్పటికి ఇరవై రెండేళ్ళుగా ఆయన దగ్గరే ఉన్నాను. లెక్కలో ఎప్పుడూ మాట పడలేదు.

మాట ఎడ్లపాడు ఇంట్లో పడ్డాను. ఇల్లు పూర్తయి, రంగులు కూడా వేశాక, ఇంటావిడ వంటింటి కిటికీ తెరిచింది. ఎదురుగా మూడడుగుల్లో పక్కవాళ్ళ గొడ్లచావిడి గోడ. కిటికీ మూసింది, మళ్ళీ తెరిచింది. గోడ అక్కడే ఉంది.

"ప్లానులో చూపించాం గదమ్మా, మూడడుగుల సందు" అన్నాను.

"సందు అని రాశావు. పొద్దస్తమానం గోడ చూడాలని రాశావా?" అంది.

ఆవిడ ఆ మాట ఊళ్ళో అందరికీ చెప్పింది. అదే ఊళ్ళో మాకు రావాల్సిన ఇంకో ఇల్లు వేరే వాళ్ళకి పోయింది. మేస్త్రి నన్ను పిలిచి మెల్లగానే చెప్పాడు. "నువ్వు గీసే ప్లాను నీకూ నాకూ తప్ప దేవుడిక్కూడా అర్థం కాదు. గుంటూరులో ఒకతను ఇల్లు మొత్తం కంప్యూటర్లో తిప్పి చూపిస్తాడంట. లెక్క కూడా అతనే తీస్తాడంట. వెల్దుర్తి ఇంటికి అతన్ని పిలుద్దామనుకుంటన్నా. ఈలోపు నువ్వేమన్నా జనానికి అర్థమయ్యేటట్టు గీయగలిగితే సరే. లేకపోతే నన్ననుకోమాక."

వెల్దుర్తి ఇల్లు మొదలవడానికి రెండు నెలలుంది. నలభై ఆరేళ్ళ వయసులో కంప్యూటర్ నేర్చుకోవడానికి రెండు నెలలు చాలవని నాకు లెక్క తేలింది. పెన్సిలైతే చేతిలో ఉన్నదే. అలా ఆపా వరండాకి వెళ్ళాను.

"ఎవరికి?" అంది, నా వెనకాల పిల్ల ఎవరైనా ఉన్నారేమో చూస్తూ.

"నాకే ఆపా. ఇళ్ళు గీయాలి. నా పని పోయేటట్టుంది."

"ఇళ్ళు తర్వాత. కూర్చో."

నా జేబులో టేపు, స్కేలు తీసుకుని గోడకున్న మేకుకు తగిలించింది. తొమ్మిదిమంది పిల్లల మధ్య నేను పదోవాణ్ణి. పక్కనున్న పిల్ల "తాతా, స్కేలు లేకపోతే మీకు గీత రాదా?" అని అడిగింది. నిజంగానే రాలేదు.

మొదటి రోజు నాకోసం వరండా చివర ఇటుకలు పేర్పించింది. నీళ్ళ డ్రమ్ము కింద పెట్టడానికి తెచ్చినవి. వెడల్పు మూడు, లోతు రెండు, ఎత్తు నాలుగు వరసలు. ఇటుకలంటే నా సొంత వస్తువు. గంటసేపు శ్రద్ధగా గీశాను. ఆపా వచ్చి చూసి, కాగితం అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఇయ్యేంది, గోడ పగిలిపోయిందా?"

"లేదు ఆపా. మొత్తం ఇరవై నాలుగూ వేశా."

"ఇరవై నాలుగు నీకు కనపడుతున్నయ్యా?"

"ఉన్నాయిగా."

"ఉన్నయ్యా అని అడగలా."

నా ఇరవై రెండేళ్ళ పనే అది. బయటికి కనిపించేవి చూసి లోపలున్నవాటిని లెక్కగట్టడం. పేర్చిన గుట్టలో వెనకాల ఎన్ని ఉన్నాయో చెప్పలేని వాణ్ణి ఏ మేస్త్రీ పెట్టుకోడు. అందుకే నా చెయ్యి వెనక ఇటుకలను కూడా లాక్కొచ్చి ముందు పెట్టింది. ఆ మాటే చెప్పాను. ఆపా నవ్వలేదు. లెమ్మంది. నా చోట కూర్చుంది. కూర్చుంటే నేను ఆమెకన్నా ఐదంగుళాలు ఎత్తు. భాయ్‌ని కేకేసి పాత బ్యాటరీ డబ్బా ఒకటి తెప్పించి, దాని మీద కూర్చుని చూసింది.

"ఎదురుగా పన్నెండు. పైన వెనక వరస మూడు. మొత్తం పదిహేను. మిగతా తొమ్మిదిని ఎనకే ఉండనీయ్. అయ్యేం పారిపోవు."

తర్వాత నన్ను పక్కకి జరిపి మూల నుంచి చూడమంది. లెక్కపెట్టాను. పద్దెనిమిది. నేల మీద గడ్డం ఆనించి చూడమంది. పన్నెండే. అవే ఇటుకలు. పదిహేను, పద్దెనిమిది, పన్నెండు. మూడు లెక్కలూ తప్పు కాదు. ఆ వరండాలో బోర్లా పడుకుని, పిల్లలందరూ నవ్వుతుండగా, నాకు చానా సంతోషం వేసింది. ఇటుకల గురించి నాకు తెలియనిది ఇంకా ఉంటుందనుకోలేదు.

"దీని కింద ఏం రాయాల?" అంది ఆపా.

"నేల మీద, గడ్డం ఆనించి" అని రాశాను.

ఆరు ఆదివారాలు గడిచాయి. వంకాయలు, చెంబు, కుర్చీ, భాయ్ మోటారు ఒకటి గీశాను. మోటారు బొమ్మ చూసి భాయ్ "ఇది తిరుగుద్ది" అన్నాడు. ఆయన దగ్గర అంత మాట ఎవరూ తెచ్చుకోలేదని పిల్లలు చెప్పారు. ఏడో ఆదివారం వెల్దుర్తి ఇల్లు గీసి పట్టుకెళ్ళాను. ముందు వైపు, మెట్లు, పిట్టగోడ, అన్నీ కుదిరాయి. బాగుందంటుందని ఆశపడ్డాను.

"దీన్ని ఎవరు చూస్తన్నారు?" అంది.

"రోడ్డు మీద నిలబడ్డ మనిషి."

"రోడ్డు మీద పొయ్యేవాడి కోసమా వాళ్ళు ఇల్లు కట్టుకునేది? ఆ ఇంట్లో ఎక్కువసేపు ఉండేది ఎవరు?"

"ఇంటాయన ట్రాక్టరు తోలతాడు. ఇంట్లో ఉండేది ఆమే."

"ఆమె ఎక్కడ కూర్చుంటది?"

నాకు తెలియదు. ఇంటి గురించి మూడుసార్లు మాట్లాడుకున్నాం, మేస్త్రి, ఆమె భర్త, నేను. ఆమె టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. అంతే. ఆపా నా బొమ్మ నాకిచ్చేసి, "పోయి చూసిరా" అంది.

బస్సెక్కి మాచర్ల మీదుగా వెల్దుర్తి వెళ్ళాను. కొలతలు ఇంకోసారి చూడాలని చెప్పాను. ఆమె పాత ఇంటి వెనక వసారాలో పీట మీద కూర్చుని వంట చేస్తోంది. పొయ్యి నేల మీదే. ఒకప్పుడు తుంటి ఎముక విరిగిందట. నిలబడితే పది నిమిషాలకే నొప్పి. అందుకే కూర, రోటి పచ్చడి, మిరపకాయల తొడిమలు తీయడం, అన్నీ పీట మీదే. మేము కట్టబోయే కొత్త వంటింట్లో రెండడుగుల ఎనిమిదంగుళాల ఎత్తున నల్ల బండ గట్టు, నిలబడి వండుకునేది. దాని పైన కిటికీ. ఆమె కూర్చుంటే కన్ను నేల నుంచి ఎంత ఎత్తున ఉందో కొలుస్తానంటే ఆమె నవ్వి, "కళ్ళక్కూడా సిమెంటు పడుద్దా అన్నా?" అంది. రెండడుగుల ఏడంగుళాలు.

ఆ వారం ఆదివారం దాకా ఆగలేదు. ఆపా తన వరండాలో నాకు ఆ వంటింటిని కట్టింది. భాయ్ పనిబల్లను కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టించి గట్టు ఎత్తుకు తెచ్చింది. కింద వాళ్ళ గ్యాసు సిలిండరు. గోడ మీద సుద్దముక్కతో కిటికీ. నన్ను పీట మీద కూర్చోబెట్టి, కన్ను రెండడుగుల ఏడంగుళాలకు వచ్చేదాకా వంగమంది. కనపడింది గీశాను. ఎదురుగా సిలిండరు. దాని పైన బండ అంచు, ఒక గీత మాత్రం. ఆ పైన ఎక్కడో కిటికీ, అందులో వెల్దుర్తిలో చూసొచ్చిన ఆకాశం ముక్క, ఒక కరెంటు తీగ. గట్టు మీద ఏముందో ఏమీ కనపడదు.

భాయ్ చూసి, "రెగ్యులేటర్ పెట్టలా. గ్యాసు లీకవుద్ది" అన్నాడు. పెట్టాను. కింద "వంటింట్లో, పీట మీద" అని రాశాను.

మేస్త్రి, నేను కలిసి వెల్దుర్తి వెళ్ళాం. గుంటూరు అతన్ని మర్నాడు రమ్మని అప్పటికే చెప్పి ఉంచాడు. ముందువైపు బొమ్మ ఆమె భర్త చూశాడు, బాగుందన్నాడు. రెండోది నేను లోపలికి తీసుకెళ్ళి ఆమె చేతికిచ్చాను. చానాసేపు చూసింది.

"ఇదేంది?"

"మీ కొత్త వంటిల్లమ్మా. మీరు పీటేసుకుని కూర్చుంటే ఇట్టా ఉంటది."

"ఇదా? పొద్దుగూకులూ ఈ సిలిండరు మొహం చూసుకుంటా కూర్చోవాలా?" కాగితం పట్టుకుని బయటికి వచ్చింది. "ఇట్టా చూడు. నీ ఇంట్లో నాకు కనపడేది ఇది."

ఆమె భర్త కాగితం తీసుకున్నాడు. "గట్టు అందరూ పెట్టుకుంటన్నారు గందే. నిలబడలేనని ఒక్క మాట అన్నావా?"

"అడిగితే గందా."

మేస్త్రి నా వంక చూశాడు. కట్టకముందే ఇల్లు పాడు చేశావన్నట్టు ఉంది ఆ చూపు. ఆమె మాత్రం నన్ను వదల్లేదు. గట్టు ఎంత దించితే కూర్చుని వండుకోవచ్చు, కిటికీ ఎంత దించితే రోడ్డు కనపడుద్ది, బడి ఆటో వచ్చేది కనపడుద్దా. అక్కడికక్కడే పీట తెప్పించి, ఆమె కూర్చున్న ఎత్తున నేనూ కూర్చుని, ఇంకో బొమ్మ గీశాను. గట్టు అడుగు మీద రెండంగుళాలు. సిలిండరు బయటికి. కిటికీ అడుగు భాగం నేల నుంచి రెండడుగులు, ఊచలతో. కిటికీలో రోడ్డు. ఆమె చూసి, "ఆ రోడ్డు మీద వేపచెట్టు ఇటు పక్క ఉంటది" అని దిద్దింది. దిద్దిందంటేనే ఆ ఇల్లు ఆమెకి అర్థమైందని మేస్త్రికి కూడా తెలిసింది.

తిరుగుదారిలో మాచర్లలో టీ తాగడానికి ఆగాం. మేస్త్రి గ్లాసు పక్కన పెట్టి ఫోన్ తీశాడు. "రేపు వద్దులే బాబూ. ఇంకో ఇంటికి చూద్దాం" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, "ఆ సిలిండరు బొమ్మ ఎవరు నేర్పారయ్యా నీకు?" అని అడిగాడు. చెప్పాను. "ఎడ్లపాడుకి ముందే పోవాల్సింది నువ్వు" అన్నాడు.

ఆ ఆదివారం ఆపాకి జరిగిందంతా వరసగా చెప్పాను. పని నిలబడిందని చెప్పాను. ఆమె అర బ్లేడుతో పెన్సిలు చెక్కుతూ విన్నది. ఆమెకి పని సంగతి కన్నా వేపచెట్టు సంగతే నచ్చింది. దాన్ని రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత పెన్సిలు మొన వేలితో చూసి నాకిచ్చింది.

"మంచిది తమ్ముడూ. పని కోసం నేర్చుకునేది అయిపోయింది. ఇంక బొమ్మలు నేర్చుకో."

"ఏం గీయమంటావు ఆపా?" అన్నాను.

"నీకు ఏది చూడబుద్దయితే అది."

అలాంటి మాట నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. పెన్సిలు పట్టుకుని వరండా అంతా చూశాను. షెడ్డులో భాయ్, గోడకి ఆనించిన సైకిలు, నీళ్ళ డ్రమ్ము, తీగ మీద ఆరేసిన దుప్పటి, దాని వెనకాల నడుస్తున్న కోడి కాళ్ళు. పిల్లలు గీసుకుంటున్నారు. నాకు ఏది చూడబుద్ధవుతోందో తేల్చుకోవడానికి పదకొండున్నర దాకా పట్టింది.